ఆటబట్టలమీది పేరు

వంశధార యెడమగట్టున నున్న శ్రీముఖలింగమున మధుకేశ్వరస్వామి ఆలయపు రాళ్ళను తడవి చూచినవారి చేతికి అక్షరములు తగులును. తూర్పుగాంగులు ఏలిన కాలమున, ఈ గ్రామము కళింగనగరమను పేర రాజధానియై వెలసిన దినములలో, రాజకుటుంబమువారును, రాజోద్యోగులును, సామాన్య గృహస్థులును స్వామి సన్నిధిని అఖండదీపములు నిలిపి ఆ దానములను రాతిమీద చెక్కించిరి. పొరుగుననే పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఆ ప్రాచీనలిపిని స్వయంకృషితో నేర్చి యీ శాసనములను చదివిరి. ఆంధ్రకళింగ దేశములయందలి యిట్టి దానశాసనముల ధోరణి గమనింపదగినది. దాతపేరు ఉండును; వంశమును బిరుదులును ఉండును; కీర్తి కోరుట దోషమని ఆనాటివారు తలపలేదు. కాని శాసనము పేరుతో ఆగిపోదు. దీపమునకు నెయ్యి యెక్కడినుండి రావలెను, అందుకై యిచ్చిన మాడలెన్ని, లేక పశువులెన్ని, వానిని ఎవరి వశమున నుంచిరి, ఆ దీపము ఎంతకాలము వెలుగవలెను అన్న సంగతులన్నియు పేరుప్రక్కనే కానవచ్చును. కాలమనగా సూర్యచంద్రులున్నంత కాలము. తుదిని, తానిచ్చిన దానముకంటె పరులిచ్చిన దానమును కాపాడుట రెట్టింపు పుణ్యమను హితవును, దానిని హరించినవానికి ఘోరమగు శాపమును ఉండును.

ఈ శాసనధర్మమును నేడు మన బిడ్డల ఆటలకు తోడ్పడుదుమని వచ్చుచున్న వ్యాపారసంస్థలకు వర్తింపజేయవలెనని నా దృఢాభిప్రాయము. పేరు కావలెనన్నవారికి పేరు ఇయ్యవలసినదే. ఆ పేరుతోపాటు దీపముయొక్క లెక్కయు ఉండవలెను.

గత కొన్ని సంవత్సరములుగా వ్యాపారప్రచారము కొత్త త్రోవ తొక్కినది. పూర్వము సబ్బు అమ్ముకొనువాడు తన సబ్బు తెల్లగా ఉతుకుననియే చెప్పెడివాడు. నేడు తన సబ్బు వెనుక ఒక సదాశయము కలదని చెప్పుచున్నాడు. సర్ఫ్ ఎక్సెల్ వారి ‘మరక మంచిదే’ అను ప్రకటన తెలుగు ఇండ్లలో ఎరుగనివారు లేరు. పిల్లలు మట్టిలో ఆడుకొనవలెను, బట్టలు మాసినను బెంగపడకుడని తల్లులకు చెప్పిన మాట అది. మాట మంచిదే, అందలి ఆశయమును మంచిదే. అయినను ఆ మరక అంటుటకు ముందు పిల్లవానికి ఒక మైదానము కావలెను, ఆడుటకు ఒక గంట తీరిక కావలెను, ఆట నేర్పు మనిషి కావలెను. ఆశయమును ప్రకటించుట ఒక పని. ఆ ఆశయమునకు ఏటేట వ్యయము భరించుట మరియొక పని. మొదటిదానికి టీవీలో అరనిమిషము చాలును, రెండవదానికి ఒక తరము పట్టును.

మా ఉత్తరాంధ్రమున ఆటలకు పోషణ యెట్లు లభించినదో తెలిపెడి చరిత్ర చిన్నది కాదు. దానిలో రెండు జీవితములు ప్రక్కప్రక్కన నిలిపి చూడదగినవి.

ఒకటి విజయనగర రాజకుమారుడు సర్ విజయ ఆనంద గజపతిరాజుది. లోకము ఆయనను ‘విజ్జీ’ యని పిలిచినది. క్రికెట్టుమీద ఆయనకు గల మక్కువ అపారము. 1930-31లో జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను ఆంగ్లదేశమునుండి రప్పించి తన జట్టులో ఆడించిన ఘనత ఆయనది. అంతటి ఔదార్యము చూపినవాడు 1936లో ఇంగ్లండునకు వెళ్లిన భారతజట్టునకు తానే నాయకుడయ్యెను. ఆ పర్యటనములో మూడు టెస్టులాడి ఆయన తీసిన పరుగులు మొత్తము 33. జట్టులోని మేటి ఆటగాడు లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేర మొదటి టెస్టునకు ముందే స్వదేశమునకు పంపివేసిరి. విజ్జీ తరువాతి కాలమున భారత క్రికెట్టు సంఘమునకు అధ్యక్షుడై, ఆటకు ఎంతో సేవ చేసెను. దానిని కాదనుట అన్యాయము. అయినను 1936 మనకు చెప్పునది స్పష్టము. పోషకుడు మైదానపు అంచున నిలుచున్నంతకాలము ఆట పెరుగును. మైదానము నడుమకు వచ్చి నిలిచిననాడు ఆడవలసినవారికి చోటు తరుగును. నేటి వ్యాపారసంస్థకు బ్యాటు పట్టవలెనను కోరిక లేకపోవచ్చును గాని, పిల్లల పోటీలో పిల్లలకంటె పెద్దగా తన చిహ్నమే కనబడవలెనను కోరిక మాత్రము తరచుగా ఉండును. బహుమతి తీసికొను బాలిక ముఖము ఫ్లెక్సీలో మూలకు పోయి, సంస్థపేరు నడుమ నిలుచుట మనము చూచుచునేయున్నాము.

రెండవది వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తినాయుడుగారిది. ఱొమ్ముమీద ఏనుగును నిలిపి, కదలబోవు మోటారుకార్లను ఆపి, ఉక్కుగొలుసులను ఊపిరి బిగబట్టి తెంచి, కలియుగభీముడను పేరు పొందిన మల్లుడాయన. ఆయన సర్కసు కంపెనీ దేశదేశములు తిరిగినది. ఈ ఖ్యాతి వెనుక చాలమంది మరచినది ఒకటి కలదు: ఆయన మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది వచ్చి, విజయనగరమున తాను చదివిన ఉన్నతపాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెను. మన పల్లెల మాటలో చెప్పవలెనన్న, డ్రిల్లు మాస్టారు. అంతటి బలశాలి జీవితమునకు మొదటిమెట్టు ఒక బడి, ఒక జీతము, ఒక పిలకాయల గుంపు. శ్రీకాకుళపు పట్టణమున ఆయన పేర క్రీడామైదానము వెలసినది. ఆయన చేసిన పనికి మాత్రము, అనగా డ్రిల్లు మాస్టారి పనికి, ఈనాటికిని తగిన గౌరవము దక్కలేదు. ఎన్నో బడులలో ఆటల పీరియడు లెక్కల మాస్టారి చేతికి పోవుచున్నది; పదవతరగతి పిల్లలకైతే ఆ పీరియడు పట్టికలో గీత మాత్రమే.

ఇక బరువులెత్తు విద్యకు వత్తము. ఆమదాలవలస పొరుగున ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్నగారి వద్ద బాల్యముననే శిక్షణ మొదలిడి, 1994లోను 1995లోను ప్రపంచవిజేత యై, 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము సాధించిన తొలి భారతీయ మహిళ యయ్యెను. స్త్రీల వెయిట్‌లిఫ్టింగు ఒలింపిక్సులో ప్రవేశించినదే ఆ యేడు. స్వర్ణమునకును ఆమె కాంస్యమునకును నడుమ దూరము రెండున్నర కిలోలు. ఆ దినమున దేశమంతయు మల్లీశ్వరిని కొనియాడినది. వ్యాయామశాలలో ఏండ్ల తరబడి తెల్లవారుజామున తలుపు తీసినవారిని కొనియాడినవారు కొలది. నెల్లిమర్ల మండలములోని కొండవెలగాడ గ్రామము ఇట్టిదే. ఒక చిన్న పల్లె తరము తరువాత తరముగా బరువులెత్తువారిని కని దేశమునకు ఇచ్చుచున్నది. ఆ గ్రామపు బిడ్డ మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో పతకము గెలిచినది; స్వర్ణము పొందిన క్రీడాకారిణి మాదకపరీక్షలో పట్టుబడగా సంతోషి కాంస్యము రజతముగా మారినది.

ఈ రెండు గ్రామములకు పేరు తెచ్చినవి ఏవి? ఒక ఇనుప బారు, కొన్ని ప్లేట్లు, కొట్టుకుపోని నేల, విసుగులేని గురువు, ఇంటిలో ఒక పూట ఎక్కువ తిండి. స్త్రీల పోటీలలో వాడు బారే పదునైదు కిలోలుండును. దానిని తలమీదికి ఎత్తుటకు పూర్వము పిల్ల రెండుమూడేండ్లు కాళ్ళను, నడుమును, భుజములను తీర్చుకొనవలెను. గ్రుడ్డు, పాలు, పప్పు ప్రతిదినము కావలెను, ఒకనాడు కాదు. కాళ్ళకు తగిన బూట్లు కావలెను. ఎదిగెడి పిల్ల కాళ్ళు ఏటికొకమారు పెరుగును. పోటీకి వెళ్లవలెనన్న బస్సు ఛార్జీ కావలెను, తోడుగా పెద్దవారొకరు కావలెను, ఆ పెద్దవారికి ఆ దినపు కూలి పోవును. ఆడపిల్ల విషయమున మరికొన్ని కలవు. బట్టలు మార్చుకొనుటకు గది కావలెను. ప్రొద్దు క్రుంకకమునుపే ఇల్లు చేరు దారి కావలెను. పన్నెండు పదమూడేండ్లు వచ్చుసరికి ‘ఇక చాలులే’ అను ఇరుగుపొరుగుల నోళ్ళకు సమాధానము చెప్పగల శిక్షకురాలు కావలెను. వీనిలో ఏ ఒక్కటియు ఛాయాచిత్రమునకు అందముగా ఉండదు. గ్రుడ్డు లెక్క వ్రాసిన పుస్తకమును ఎవ్వరును ప్రకటనలో చూపరు. ఆటకు ప్రాణమైనవి ఇవియే; ప్రచారమునకు పనికిరానివియు ఇవియే. పిల్లల ఆటను పేరుకొరకు పోషింపవచ్చిన ప్రతి సంస్థయు ఇక్కడ పరీక్షకు నిలబడును.

ఒక ఘనత కలిగిన తెలుగువాని కథ ఈ సందర్భమున చెప్పక తీరదు. 2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత యయ్యెను. ప్రకాశ్ పదుకోన్ తరువాత ఆ గౌరవమందిన భారతీయుడు ఆయన యొక్కడే. వెనువెంటనే ఒక శీతలపానీయపు సంస్థ ప్రకటనలో నటింపుమని గొప్ప మొత్తముతో వచ్చినది. తాను త్రాగని దానిని పిల్లలను త్రాగుడని చెప్పలేనని ఆయన నిరాకరించెను. అప్పటికి ఆయన ధనికుడు కాడు, మోకాలి గాయముల బాధ తీరలేదు, ఆటగాని సంపాదనకాలము కొద్ది యేండ్లని ఎరిగినవాడు. ఐనను నిరాకరించెను. తరువాత ప్రభుత్వము గచ్చిబౌలిలో ఐదెకరముల భూమి కౌలునకు ఇయ్యగా, అకాడమీ కట్టుటకు తన ఇల్లు తాకట్టు పెట్టెను. స్పాన్సరులకై సంస్థల గుమ్మములు త్రొక్కెను. చివరకు పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదుకోట్ల రూపాయలిచ్చెను. దాతపేరు అకాడమీ పేరులో చేరినది. చేరుట న్యాయమే. ఆ ధనము రెండు దినముల పోటీకి కాక కోర్టులకు, కప్పునకు, పిల్లలు పొద్దున నాలుగింటికి వచ్చి ఆడుకొను నేలకు మారినది. 2008లో తలుపులు తెరచిన ఆ అకాడమీలో సాధన చేసిన సైనా నెహ్వాల్ 2012 లండనులో కాంస్యమును, పి.వి. సింధు 2016 రియోలో రజతమును తెచ్చిరి.

ఈ కథలో నాకు ముఖ్యముగ తోచునవి రెండు. ఏ సొమ్ము తీసికొనవలెనో గోపీచంద్ ఎంచుకొనెను. తీసికొనగూడని సొమ్మును కాదనుటకు కూడ ధైర్యము చూపెను. పిల్లల ఆటను పోషింపవచ్చిన ధనమునకు మూలమేమి, ఆ ధనము మారుగా పిల్లలకు ఏమి అమ్మజూచుచున్నదని అడుగుట కృతఘ్నత కాదు, పెద్దల కర్తవ్యము.

ఆంగ్లదేశమున 2003లో క్యాడ్‌బరీ చాక్లెట్ల సంస్థ ‘గెట్ యాక్టివ్’ అను పథకము పెట్టినది. పిల్లలు చాక్లెట్లు కొని, కాగితపు పొట్లములమీది టోకెన్లు కూడబెట్టి బడికిచ్చిన, బడికి ఆటసామగ్రి వచ్చును. పైకి చూచుటకు మిక్కిలి ఉదారమగు పథకము. అక్కడి ఆహారవిషయముల పరిశీలక సంస్థ ‘ఫుడ్ కమిషన్’ లెక్క కట్టి చూపినది: బడికి ఒక వాలీబాల్ నెట్టు స్తంభముల జత రావలెనన్న 5,440 చాక్లెట్ల టోకెన్లు కావలెను. దేశమంతట విమర్శ చెలరేగగా సంస్థ ఆ పథకమును విరమించుకొనినది. పిల్లవానిచేత తీపి తినిపించి, ఆ తీపి కరగుటకు బంతి ఇచ్చుట సేవ కాదు. మన దేశములోను పాలలో కలుపుకొను తీపిపొడులు మేటి క్రికెట్ వీరుల నోట ‘శక్తిరహస్యము’లని ఏండ్లకేండ్లు చెప్పించుకొనినవి, వానిలో కొన్నింటిని ‘హెల్త్ డ్రింక్’ల వరుసనుండి తీసివేయుడని కేంద్రప్రభుత్వము 2024లో ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పవలసివచ్చినది. ఊరిబడి జట్టు చొక్కామీద ఏ పేరు వ్రాయవచ్చునో, ఏ పేరు వ్రాయగూడదో నిర్ణయించు వేళ ఈ అనుభవము మరువరాదు. పిల్లలకు హితము కాని వస్తువు అమ్ము సంస్థ ఎన్ని లక్షలిచ్చినను ఆ చొక్కా ఖాళీగా నుండుటయే మేలు.

చట్టము ఏమి చెప్పుచున్నదో కూడ చూతము, ఏలయన ఈ విషయమున చట్టము అనేకులు తలచినదానికంటె స్పష్టముగ ఉన్నది. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము నిర్ణీతమగు పరిమాణము మించిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండువంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఏడవ షెడ్యూలులో గ్రామీణక్రీడల శిక్షణము, జాతీయ గుర్తింపుగల క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలు పేర్కొనబడినవి. 2021లో సవరింపబడిన నియమములు మరియొక గీత గీసినవి: తన సరకునకు ప్రచారలాభము పొందుటకై స్పాన్సరుగా చేసిన వ్యయము సామాజికబాధ్యత లెక్కలో చేరదు. అనగా ఒక సంస్థ పిల్లల పోటీకి ధనమిచ్చుచు ఊరంతయు తన సరకు ప్రకటనలు కట్టిన, అది ప్రచారవ్యయము, ధర్మపుపద్దులో వ్రాసికొనరాదు. ప్రచారవ్యయము చేయుటలో తప్పులేదు. దానిని ప్రచారమనియే పిలిచి, దానికి తగిన ప్రతిఫలము బిడ్డలకు ముట్టజెప్పవలెను. తన సభకు మన మైదానము, మన పిల్లల ముఖములు, మన ఊరి ఉత్సాహము వాడుకొనువాడు వానికి వెల కట్టవలెను గదా.

అదే సెక్షనులో మరియొక మాట కలదు. అది మావంటి జిల్లాలకు చిక్కు తెచ్చిపెట్టినది. కంపెనీ తాను పనిచేయు ప్రాంతమునకు, దాని చుట్టుపట్లకు, ప్రాధాన్యమియ్యవలెనని చట్టమాదేశించుచున్నది. కర్మాగారము పొరుగువారికి పొగ, నీటి కాలుష్యము వచ్చును గనుక మేలును వారికే ముందు చేరవలెనను ఉద్దేశము న్యాయమైనదే. కాని శ్రీకాకుళమున పైడిభీమవరపు ఔషధ కర్మాగారములవంటివి కొన్ని తప్ప పెద్ద పరిశ్రమలు ఎన్ని కలవు? ఈ జిల్లావారు తమ బలమును ఊళ్ళు దాటి తీసికొనిపోయి అమ్ముకొనుచున్నారు. హైదరాబాదు అంతస్తులు, చెన్నపట్టణపు వంతెనలు, దూరదేశపు ఓడరేవులు కట్టుచున్న చేతులలో జలుమూరు, నరసన్నపేట, టెక్కలి, పలాస ప్రాంతముల చేతులు ఎన్నెన్నో. వారిచేత పని చేయించుకొను కంపెనీ లాభములోని రెండువంతులు ఆ నగరపు శివారులో చెట్లు నాటుచున్నవి, తప్పు లేదు. ఆ కూలీ కొడుకు మాత్రము వంశధార ఇసుకలో చెప్పులు లేక పరుగెత్తుచున్నాడు, సైన్యపు సెలక్షనునకు సిద్ధమగుచున్నాడు. పనిచేయు ప్రాంతమనగా యంత్రములున్న చోటు మాత్రమేనా, పనివారు పుట్టి పెరిగిన చోటు కూడనా? చట్టములోని ప్రాధాన్యము నిషేధము కాదు. వలసకూలీల శ్రమతో ఎదిగిన నిర్మాణసంస్థలు తమ లాభములో ఒక పాలు ఆ కూలీల స్వగ్రామపు బడి మైదానమునకు పంపుట చట్టమునకు విరుద్ధము కాదు, న్యాయమునకు మిక్కిలి అనుకూలము.

పెద్ద సంస్థలు ఎదిగిన ఆటగాండ్రకు చేయుచున్న సహాయమును నేను తక్కువగా చూచుట లేదు. విశాఖపట్టణపు బిడ్డ జ్యోతి యర్రాజి హర్డిల్సు పరుగున ఆసియా పతకములు తెచ్చినదన్న, భువనేశ్వరమున రిలయన్స్ ఫౌండేషన్ వారి శిక్షణకేంద్రమునకు అందులో పాలు కలదు. రాజాములో వేళ్ళూనిన జీఎంఆర్ సంస్థ 2022లో ఖోఖో లీగు మొదలయినప్పుడు ‘తెలుగు యోధాస్’ జట్టును నిలిపినది; ఆ జట్టు ఫైనలు చేరి ఒడిశా జట్టుచేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడినది. మన పల్లెబడులలో తరతరములుగా ఆడుచున్న ఆటకు టీవీలో వెలుగు దక్కుట సంతోషమే. కాని ఆ వెలుగు క్రింద ఆడు వాడు మ్యాటుమీద ఆడును. పల్లెపిల్లవాడు గులకరాళ్ళ నేలమీద మోకాళ్ళు చెక్కుకొని ఆడును. ఎదిగిన చెట్టునకు నీరు పోయువారు దొరకుదురు, ఏలయన పండు కనబడుచున్నది. పదేండ్ల పిల్లలలో ఏ పిల్ల మల్లీశ్వరి యగునో ఎవ్వరికిని తెలియదు. వందమందికి పోషణమిచ్చిన ఒకతె దొరకునేమో. తక్కిన తొంబదితొమ్మండుగురు ఆరోగ్యవంతులై, ధైర్యవంతులై పెరుగుదురు. ఆ తొంబదితొమ్మండుగురి లాభము ఏ ప్రకటనలోను చూపరానిది. నిజమైన సదాశయము గల సంస్థను గుర్తుపట్టుటకు ఇదియే నాకు తెలిసిన గీటురాయి: పతకము రాని పిల్లలకొరకు అది ఎంత వెచ్చించుచున్నది?

‘ఇన్ని నియమములు పెట్టిన ఎవరు వచ్చెదరు? ఏమియు లేనిదానికంటె ఒకనాటి పోటీ, ఒక టీషర్టు, ఒక బంతి మేలు కాదా?’ అని అడుగువారు కలరు. వారిలో పేదబడుల ప్రధానోపాధ్యాయులును కలరు. వారి మాటను నేను తేలికగా తీసివేయను. చేతిలో పైకము లేని బడికి ఇరువది బంతులు వచ్చుట చిన్న సంగతి కాదు. కాని ఒకనాటి ‘ప్రతిభాన్వేషణ’ పేర మండలమంతట పిల్లలను బస్సులలో పోగుచేసి, ఎండలో పరుగెత్తించి, కొందరి పేర్లు వ్రాసికొని, ‘త్వరలో పిలిచెదము’ అని చెప్పి పోయిన పిమ్మట ఆ పిల్లల మనస్సులో ఏమి మిగులునో ఆలోచింపవలెను. ఉత్తరమునకై ఎదురుచూచిన పిల్లవాడు నెల చూచును, రెండు నెలలు చూచును. ఆపైన తనలో ఏమియు లేదని తానే తీర్పు చెప్పుకొనును. ఇచ్చి మానివేసిన ఆశ అసలే ఇయ్యని ఆశకంటె పిల్లవానిని ఎక్కువగా క్రుంగదీయును. నియమములకు బెదరి కొందరు దాతలు రాకపోవుట నిజమే కావచ్చును. ఆ నష్టమును నేనంగీకరింతును. బంతులు మాత్రమే ఇయ్యగలవారు బంతులే యిత్తురుగాక. వారికి కృతజ్ఞత చెప్పుదము, మైదానపు గోడమీద పేరు మాత్రము వ్రాయము.

ఇందులో ప్రభుత్వపు కర్తవ్యము ఎంతమాత్రము తగ్గదు. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో ప్రతి బడికి ఆటస్థలము, ఆటసామగ్రి ఉండవలెననియు, నూరుమందికి మించిన ప్రాథమికోన్నత పాఠశాలకు వ్యాయామవిద్య నేర్పు బోధకుడు ఉండవలెననియు వ్రాసియున్నది. అది పిల్లల హక్కు. కంపెనీ యిచ్చునది ఆ హక్కుమీద అదనముగా రావలెను గాని, హక్కునకు మారుగా రారాదు. ఏ సంస్థయో బడి మైదానమును ‘దత్తత’ తీసికొనినదని చెప్పి వ్యాయామోపాధ్యాయుని పోస్టును ఖాళీగా నుంచుట జరిగిన, ఆ దత్తత వలన పిల్లలు నష్టపోయినవారే యగుదురు. ప్రభుత్వమునకు మరియొక పని కలదు: శాసనములు రెట్టింపు పుణ్యమని చెప్పిన పని. పరులిచ్చిన దానమును కాపాడుట. సంస్థ కట్టించి యిచ్చిన వ్యాయామశాల తాళము ఎవరియొద్ద ఉండును, చెడిన దీపము ఎవరు మార్తురు, మైదానములో సంతలు, సభలు జరుగకుండ ఎవరు అడ్డుపడుదురు? ఇట్టివి తేలక, దాతలు శ్రద్ధతో కట్టించినవి పాడుపడుచున్నవి. ఆ నింద దాతలకు చెందదు.

కావున నేను కోరునది ఇది. పిల్లల ఆటకు తన పేరు జోడింపగోరు సంస్థ, పెద్దదైనను చిన్నదైనను, బడితో ఒక ఒప్పందము వ్రాసికొనవలెను. అది తెలుగులో ఉండవలెను, బడి గోడమీద అతికింపబడవలెను. కనీసము ఐదేండ్ల కాలము అందులో ఉండవలెను, ఏలయన ఆరవతరగతిలో చేరిన పిల్ల పదవతరగతి ముగించువరకు పట్టుకాలము అది. శిక్షకుని జీతము, తిండి, బూట్లు, ప్రయాణపు ఖర్చు వేరువేరుగ వ్రాయబడవలెను. ఆడపిల్లల పాలు సగమునకు తగ్గరాదు. పిల్లల ఛాయాచిత్రములు తల్లిదండ్రుల అనుమతి లేక ప్రకటనలలో వాడరాదు. అనుమతి యిచ్చినంత మాత్రమున పిల్లను సభసభకు త్రిప్పరాదు. సంస్థ మధ్యలో మానుకొనదలచిన ఒక యేడు ముందుగా చెప్పవలెను, ఆ యేటి ఖర్చు బ్యాంకులో నుంచి పోవలెను. ఇవి కఠినమగు షరతులు కావు. సరకు కొనుట, భూమి కౌలుకిచ్చుట, లారీ బాడుగకు మాట్లాడుట, అన్నిటికిని వ్యాపారస్థులు ఒప్పందము వ్రాసికొనుచునేయున్నారు. బిడ్డల విషయముననే నోటిమాట చాలునని యెందులకనుకొనవలెను?

ఈ పని దూరపు నగరములలోని పెద్ద బ్రాండ్లు మాత్రమే చేయవలెననుట లేదు. పలాస జీడిపప్పు వర్తకులు తమ సంచులమీద పేరు వేసికొని దేశమంతట అమ్ముచున్నారు. పదిమంది కలిసిన ఒక బడికి ఐదేండ్లు ఒక శిక్షకురాలిని నిలుపగలరు. పైడిభీమవరపు ఔషధసంస్థలకు చట్టమే త్రోవ చూపుచున్నది. నరసన్నపేట బజారులోని బట్టల దుకాణములు పండుగ ప్రకటనలకు చేయు వ్యయములో కొంత తీసి, ప్రతి యేడు జూనులో పిల్లలకు ఆటబట్టలు కుట్టించి, ఆ బట్టలమీద తమ పేరు వేసికొనవచ్చును. అమెరికాలోను, గల్ఫులోను స్థిరపడిన మా జిల్లావారు ఊరికి వచ్చినప్పుడు గుడికి, బడికి చందాలిచ్చుచున్నారు. వారును ఏకమొత్తముగా ఇచ్చుట మాని, ఏటేట ఇంతయని నిర్ణయించి పంపుట మేలు.

తల్లిదండ్రుల కమిటీలవారికి, ప్రధానోపాధ్యాయులకు, సర్పంచులకు నా విన్నపము. ఏ సంస్థవారైనను మీ బడికి క్రీడాకార్యక్రమము చేతుమని వచ్చినప్పుడు వారిని ఆదరముతో కూర్చుండబెట్టుడు, వారి సదుద్దేశమును శంకింపకుడు. మాస్టారి జీతము ఎన్నేండ్లు ఇత్తురు, పిల్లలకు తిండి ఎవరు పెట్టుదురు, మీరు వెళ్ళిపోయిన తరువాత ఎవరు చూతురు అని మూడు ప్రశ్నలడుగుడు. సమాధానములు కాగితముమీద వ్రాయించుకొని సంతకము తీసికొనుడు. ఆ పిమ్మట వారి పేరును మీ పిల్లల చొక్కాలమీద నిండుమనస్సుతో కుట్టింపుడు.